డ్యూటీలో ఉన్నోడి మాట

మనిషిని నమ్మి చెడినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. నర్సయ్య ఒక కట్టుబాటును నమ్మి చెడ్డాడు. ఆ కట్టుబాటు పెట్టినవాడు సిడం యాకోబు. ఒకప్పుడు పాస్టరు, ఇప్పుడు పన్నెండూళ్ల సభకు పెద్ద, కలెక్టరు కూడా కుర్చీ చూపించి కూర్చోమనే మనిషి. నర్సయ్య పొలాన్ని అంతటి మనిషి తీసి మడావి సోంబాయి చేతిలో పెట్టాడని, పెట్టేముందు తనను మాటమాత్రం అడగలేదని అతని కడుపుమంట. ఆ మంటతోనే పోయిన వారం ఒమాన్ రేవు పట్నం సూర్‌లో ఖమరుద్దీన్ హోటలు మెట్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మేడ మీద యాకోబు దావత్. "నేను గాదు, నా చెప్పులు గూడ రావు" అని రూమ్‌మేటు భూమేశ్‌తో చెప్పినవాడు చెప్పులతో సహా వచ్చాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. అక్కడ వదిలాం అతన్ని. పైకి ఎక్కేలోగా వెనక సంగతి కొంచెం చెప్పుకోవాలి.

యాకోబు గోండు బిడ్డ. మిషన్ హాస్టల్లో చదువుకుని పాస్టరయ్యాడు. గూడెంలో రేకుల గుడి, ఆదివారం పూట వచ్చే కొందరు ముసలమ్మలు, కానుక పళ్లెంలో పైసలకన్నా జొన్నలే ఎక్కువ. పిల్లలు ఎదిగొచ్చాక గుడికి తాళం పెట్టి తనూ అందరిలాగే ఒమాన్ విమానం ఎక్కాడు. సూర్‌లో షట్టరింగ్ పని. క్యాంపులో కింద మంచం నర్సయ్యది, పైమంచం యాకోబుది.

సూర్ రేవులో సొరచేప చౌక. శుక్రవారం సొరకూర వండుకుందామని రూమంతా అన్నది. నర్సయ్య ఒక్కడు వద్దన్నాడు. ఆ వాసన అతనికి పడదు. అంతమంది కలిసి ఒక్కణ్ని నెట్టేయబోతే యాకోబు అడ్డం పడ్డాడు. "ఆఖరోడు సరే అనేదాక ఏదీ సరే గాదు" అన్నాడు. ఇక ప్రతి శుక్రవారం పప్పే. రూమంతా నర్సయ్యను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఎవరు తిట్టినా యాకోబు మాత్రం మాట తప్పలేదు. చివరికి నర్సయ్యే దిగివచ్చి, వేరే గిన్నెలో, కిటికీ పక్కన వండుకుంటే సరే అన్నాడు. ఆ తర్వాత ఆ రూమ్‌లో మెస్సు తగాదా పుట్టలేదు.

కొన్నాళ్లకు నర్సయ్యకు నైట్ డ్యూటీ పడింది. అతను లేనప్పుడు రూమ్ కూర్చుని కరెంటు బిల్లు తగ్గుతుందని పగటిపూట ఏసీ బందు పెట్టాలని తేల్చింది. పొద్దున వచ్చి పడుకునేవాడు తనొక్కడే. "డ్యూటీల ఉంటే మనిషిని గానా?" అని నర్సయ్య వంటగిన్నెలు బయటికి విసిరాడు. యాకోబు తప్పు ఒప్పుకున్నాడు. అప్పుడు నర్సయ్యే ఆ కట్టుబాటుకు రెండో ముక్క అతికించాడు. డ్యూటీలో ఉన్నవాడు తన మాటను ఎవరో ఒకరి దగ్గర పెట్టి పోవాలి, వాళ్లు దాన్ని పదిమందిలో చెప్పాలి. ఆ ముక్క తనదేనని నర్సయ్య ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

యాకోబు ఒమాన్ వదిలి ఇంటికి పోతూ ఆ కట్టుబాటును వెంట తీసుకుపోయాడు. మొదట తన ఊరు, తర్వాత చుట్టుపక్కలవి, మొత్తం పన్నెండు ఊళ్లు. అడవి ఉత్పత్తులు ఎవరికి అమ్మాలి, వాగు ఇసుక ఎవరు తియ్యాలి, బడికి ఏ పంతులు కావాలి, అన్నీ ఊరే కూర్చుని, ఆఖరి మనిషి సరే అనేదాకా కూర్చుని తేల్చుకోవాలన్నాడు. గోండులే కాదు, ఆ ఊళ్లలో ఉన్న ప్రతి గడపకూ మాట ఉంటుందన్నాడు. చర్చి పెద్దలు పిలిచి, ప్రసంగపీఠమా పంచాయితీనా ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. యాకోబు తెల్లంగీ విప్పి మడతపెట్టి వాళ్ల బల్ల మీద పెట్టి వచ్చాడు.

నర్సయ్యది అదే ఊరు. వాళ్ల నాయన జగిత్యాల దిక్కు నుంచి అక్కడికి బతకవచ్చాడు. ఏజెన్సీ ఊరు కాబట్టి గిరిజనులు కానివాళ్ల పేరు మీద భూమి ఎక్కదు. అయినా మడావి జంగు దగ్గర నర్సయ్య తెల్లకాగితం మీద పొలం కొన్నాడు. చట్టం లెక్కలో అది కొనుగోలే కాదు. నర్సయ్య చెమట లెక్కలో అంతకుమించిన రిజిస్ట్రేషను లేదు. ఎండలో, ఇనుప చువ్వల మీద, ఏళ్లకేళ్లు కాలిన చెమట అది. పోయిన సెలవులో ఊరికి వెళ్లినప్పుడు సభలో లేచి, "నేను డ్యూటీల ఉంట, నా మాట మా వాణి చెప్తది" అని అందరి ముందూ చెప్పాడు. ఇంట్లో పెళ్లానికి వేరుగా చెప్పాడు. "భూమి ముచ్చటొస్తే కాదనే అను. చచ్చినా కాదనే అను." అని నిశ్చింతగా విమానం ఎక్కాడు. ఆఖరోడు సరే అనేదాకా ఏదీ సరే కాదు. ఆ ఆఖరోడు తనే. ఇంతకంటే గట్టి పట్టా ఏ తహసీల్దారు ఇస్తాడు?

తర్వాత ఒకరోజు భూమేశ్ తమ్ముడి ఫోన్ వచ్చింది. జంగు పెళ్లాం సోంబాయి ఆ పొలంలో నాగలి పెట్టిందని, ఊరంతా సరే అన్నదని. నర్సయ్య వాణికి ఫోన్ చేస్తే, "యాకోబన్న అక్కడికే వస్తున్నడు, ఆయన్నే అడుగు" అని పెట్టేసింది. ఆ తర్వాత ఎత్తడం మానేసింది. దాని అర్థం నర్సయ్యకు ఒకటే. ఆడమనిషిని ఒంటరిని చేసి బెదిరించారు. యాకోబు తన కట్టుబాటును తనే తుంగలో తొక్కాడు.

ఇప్పుడు మెట్ల మీది కాలు గెలిచింది. నర్సయ్య పైకి ఎక్కాడు.

ఖమరుద్దీన్‌ది కడప. ఇరవై ఏళ్లుగా సూర్‌లో వండిపెడుతున్నాడు. జుమ్మా నమాజు అయిపోయింది, హోటలు నిండుగా ఉంది. మెట్ల మీద నర్సయ్యను చూసి చేతిలోని చెంచా అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, కోపంగా ఉండావే. పైన సద్దు చేయొద్దు, ముందే చెప్తాండా. దావత్ అంటే ఎవరూ అడగరు. మీటింగ్ అన్యారంటే పోలీసోళ్లు వస్తారు, నా బతాకా, అదే ఈడుండే కార్డు, గుంజుకుంటారు. హోటలు ఎవరి పేర్న ఉందో ఆ అర్బాబ్ మంచోడే గానీ అంత మంచోడు కాదు."

"తిననీకె వచ్చిన భాయ్. తిననియ్యవా?"

"తినుపో. సొరకూర కాదులే నీకు. కింగ్‌ఫిష్ వేయించినా."

సొర పడదన్న సంగతి సూర్‌లో ఇంకా జనం మరిచిపోలేదన్నమాట. నర్సయ్యకు ఒళ్లు మండింది, కొంచెం సంతోషం కూడా వేసింది.

మేడ మీద చాపలు పరిచి ఉన్నాయి. మత్రా దుకాణాల్లో మోతపని చేసేవాళ్లు, ఖురంలో హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. సూర్ సైట్ల నుంచి వచ్చినవాళ్లు ఇంకా సైటు బూట్లతోనే ఉన్నారు. అందరిదీ ఆ పన్నెండు ఊళ్లలో ఏదో ఒక ఊరు. నడుమ యాకోబు. తల నెరిసింది. మెడలో చిన్న చెక్క శిలువ మాత్రం పాతదే. అన్నం అందరికీ తనే వడ్డిస్తున్నాడు. నర్సయ్యను చూడగానే చేయి ఆగింది.

"నర్సన్నా, రా. కూసో."

నర్సయ్య వరస చివర, చేతులు కడుక్కునే కుళాయి పక్కన కూర్చున్నాడు. విస్తరి ముందు పెట్టుకుని ఎవరివంకా చూడకుండా తిన్నాడు. కోపం ఉన్నవాడు అంత తినకూడదు గాని, క్యాంపు తిండి తిన్నవాడికి కోపం వేరు, ఆకలి వేరు.

తినడం సగమయ్యాక యాకోబు కూర్చునే మాట్లాడాడు. గొంతు మాత్రం ఇంకా పాస్టరుదే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గాలో దానికి తెలుసు.

"మన సున్నపురాయి గుట్ట తవ్వుకుంటం, రాసియ్యుండ్రి అని కంపెనీ పెద్దోళ్లు తిరుగుతున్నరు. ఊళ్లున్నోళ్లంత కూసున్నరు, వద్దన్నరు. మీరు గూడ ఊరోళ్లే. డ్యూటీల ఉన్నరు, గంతే. మీ మాట ఇంకొకలు చెప్పుడెందుకని నేనే వచ్చిన. గుట్ట ఇయ్యద్దు అనేదానికి సరే అంటరా? ఒక్కొక్కలు చెప్పుండ్రి. తొందర లేదు."

వరస మొదలైంది. ఒకడు నోట్లో ముద్ద పెట్టుకునే సరే అన్నాడు. ఇంకొకడు ఫోన్‌లోంచి తల ఎత్తి సరే అని మళ్లీ దించాడు. ఖురం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తన తాతను ఆ గుట్ట మీదే దహనం చేశామని చెప్పి, కళ్లు తుడుచుకుని, సరే అన్నాడు. భూమేశ్ వంతు వచ్చింది.

"సరే గని పాస్టరన్నా, నీ ముఖం జూసి గాదు. దుమ్ము వచ్చి మా పత్తి మీద పడ్తది, అందుకు సరే."

"ఎందుకైతేంది తమ్మీ, సరే అంటే చాలు" అన్నాడు యాకోబు. అందరూ నవ్వారు.

సరే, సరే, సరే. నవ్వు తగ్గేసరికి వరస కుళాయి దగ్గరకు వచ్చి ఆగింది. అందరూ నర్సయ్య వంక చూశారు. నర్సయ్య వేళ్లు నాకుతూ తల ఎత్తాడు.

"కాదు."

ఎవరో సరిగా వినలేదనుకుని మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట అన్నాడు. మెట్ల మీదికి చాయ్ పళ్లెంతో వచ్చిన ఖమరుద్దీన్ అక్కడే నిలబడిపోయాడు.

"ఏమప్పా, కూర బాగలేదా యేంది?"

"కూర బాగనే ఉన్నది భాయ్. వడ్డించెటోడే బాగలేడు."

యాకోబు చేతిలోని గంటె గిన్నెలో పెట్టాడు. "గుట్ట తవ్వాలంటవా, నర్సన్నా?"

"గుట్ట తవ్వనీ, పాతాళం తవ్వనీ. నాకేంది? నా భూమి నాకు రానీ, అప్పుడు సరే అంట. అప్పటిదాక కాదు. ఆఖరోడు సరే అనేదాక ఏదీ సరే గాదు. ఎవలు చెప్పిన్రో యాదికున్నదా?"

మత్రా నుంచి వచ్చిన కుర్రాళ్లలో గొణుగుడు లేచింది. "వీడు అమ్ముడువోయిండు" అని ఒకడు పైకే అన్నాడు. యాకోబు అరచేయి ఎత్తాడు, ప్రార్థనకు ముందు ఎత్తినట్టే.

"చెయ్యి దించు" అన్నాడు నర్సయ్య. "ఇది నీ గుడి గాదు. ఆమెన్ అనెటోడు లేడీడ."

యాకోబు చేయి దించాడు. ఎత్తిన చేయి ఏం చేయాలో తెలియనట్టు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అడుగు" అన్నాడు. "అడగనీకె వచ్చినవ్ గదా. అందరి ముందటే అడుగు."

"అడుగుత. గుట్ట కోసం సముద్రం దాటి వచ్చినవ్. ఒక్కొక్కని ముందట కూసోని, తినవెట్టి, నోరుతోని అడిగినవ్. నా భూమి కోసం ఒక్క ఫోన్ కొట్టలేకపోయినవా? నేను ఊరోణ్ని గానా? గోండోణ్ని గాదని వదిలేసినవా?"

"నీ మాట వాణి చెప్తదని నువ్వే సభల చెప్పినవ్."

"చెప్పిన. కాదనమని చెప్పిన. అన్నదా లేదా?"

"అన్నది. మొదాల కాదన్నది, లేచిపోయినం. నెల పోయినంక మళ్ల కూసున్నం, మళ్ల కాదన్నది. మళ్ల లేచిపోయినం."

"మరి?"

"మూడోసారి సరే అన్నది."

నర్సయ్య నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు. "అబద్ధం" అన్నాడు. అన్న మరుక్షణమే, యాకోబు నోట అబద్ధం రాదని తనకే గుర్తొచ్చింది. పైమంచం నుంచి అన్నేళ్లు విన్న గొంతు అది. "బెదిరిచ్చిన్రు ఆమెను."

"ఎవలూ బెదిరియ్యలే."

నర్సయ్య విస్తరి పక్కకు నెట్టి మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. చదువు నాలుగో తరగతితో ఆగినా, లెక్క ఎక్కడ తప్పిందో అతనికి దొరుకుతుంది. మేస్త్రీ పని నేర్పిన గుణం అది. ఎక్కడో ఒకచోట మట్టం తప్పనిదే గోడ వంగదు.

"సరే. సరే అన్నదే అనుకుందాం. డ్యూటీల ఉన్నోడి మాట చెప్పాలె గని, చెప్పెటోళ్లు తమ మాట చెప్పద్దు. ఆ ముక్క పెట్టింది నేను. భూమేశ్ నా మాట చెప్పిన పొద్దు, బిల్లు తనకు గూడ పడ్తదని ఎరుకున్నా, ఏసీ బందు పెట్టద్దని చెప్పిండా లేదా? ఏమో భూమేశ్?"

"చెప్పిన" అన్నాడు భూమేశ్. "పళ్లు నూరుకుంట చెప్పిన."

"మరి వాణి సరే అన్నప్పుడు, ఇది నర్సయ్య మాటనా అని నువ్వడిగినవా?"

 కింద రోడ్డు మీద చేపల బండి హారను కొడుతూ పోయింది.

"ఇది మీ ఇంటి మాటనా అని అడిగిన. మా ఇంటి మాటనే అన్నది."

"ఇంటి మాట గాదు. నర్సయ్య మాటనా అని అడిగినవా?"

"అడగలే."

"ఎందుకడగలే?"

"అడిగితే గాదంటదేమోనని."

 నర్సయ్య ఇన్నాళ్లూ కోరుకున్న మాట ఇదే. దొంగ దొరికాడు. దొరికాక ఒళ్లు తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ఎదురుగా కూర్చున్నవాడు దొంగలా కనపడకపోవడమే అతనికి మింగుడుపడలేదు.

యాకోబు తల ఎత్తకుండా చెప్పాడు. "జంగు సచ్చిపోయిన్నాటి సంగతి నీకెరుకే. వాళ్ల నాయనను ఆ పొలంలనే పెట్టిన్రు, తాతను ఆ పొలంలనే పెట్టిన్రు. నన్నూ ఆడనే పెట్టుండ్రని జంగు చెప్పి పోయిండు. పాడె మోసుకోని గట్టుకాడికి పోయినం. నువ్వు ఫోన్ల వద్దన్నవ్."

"నా పొలంల శవమెట్ల పెడ్తరు?"

"నీకు అట్లనే అనిపిస్తది, తప్పుపడ్తలేను. శవాన్ని మళ్లించుకోని వాగు ఇసుకల పెట్టినం. వానకాలం వస్తే ఇసుక ఉండదు. నేను పాస్టరును గదా, నన్ను ప్రార్థన చెయ్యుమన్నరు. చేసిన. సోంబాయి నన్ను జూసి, 'నీ ప్రార్థనకు జాగ ఉన్నది గని నా మొగనికి లేదా?' అన్నది. ఆ పొద్దు ఇంటికి పోయి అంగీ విప్పిన. చర్చోళ్లు అడిగినంక విప్పిన అని జనం అనుకుంటున్నరు. గాదు, అంతకుముందే విప్పిన."

చల్లారిన అన్నం గిన్నె మీద మూత పెట్టాడు. "అయినా నువ్వన్నది నిజం. ఆమె సరే అనాలని నాకు మనసుల ఉన్నది, అందుకే రెండోమాట అడగలే. సభ పెద్ద చేసే పని గాదది. గా తప్పు యాదికొచ్చే ఈసారి ఎవలినీ నమ్ముకోకుంట నేనే వచ్చిన. నర్సన్నా, ఆ సరే చెల్లది. సభ మళ్ల కూసుంటది. నీ మాట నువ్వే చెప్పు."

"అన్నా, సోంబాయి దున్నేసింది" అన్నాడు కుర్రాళ్లలో ఒకడు. "ఆమెకేం చెప్తవ్?"

"నేను తప్పు చేసిన అని చెప్త."

నర్సయ్య గెలిచాడు. అందరూ అతని వంక చూస్తున్నారు. గుట్టకు సరే అని అక్కడితో లేచిపోతే సరిపోయేది. కాని మనిషికి గెలిచిన చోట ఆగడం చేతకాదు. తన పెళ్లాం తన మాట మీద నిలబడిందని, వీళ్లే వంచారని పదిమంది ముందు అనిపించాలని బుద్ధి పుట్టింది.

"భూమేశ్, నీ ఫోన్ ఇటియ్యి. నాదైతే ఎత్తది."

వీడియో కాల్ కలిసింది. ముందు మసక, తర్వాత వాణి ముఖం. నెత్తిన కొంగు, నుదుట చెమట.

"భూమేశన్నా, ఏంది ఈ యాళ్లకు?"

"నేనే."

వాణి కొంగు సర్దుకుంది. "తిన్నవా?"

"తిన్న. యాకోబు ఎదురుంగనే ఉన్నడు, అందరున్నరు. చెప్పు. నిన్ను ఎవలు బెదిరిచ్చిన్రు?"

"ఎవలు బెదిరిస్తరు? నీకంటె ఎక్కువ నన్ను బెదిరిచ్చినోళ్లు ఈ ఊళ్ల లేరు."

ఎవరో నవ్వబోయి దగ్గులో కలిపేశారు. ఖమరుద్దీన్ చాయ్ పళ్లెం నేల మీద పెట్టి తనూ ఒక చాప అంచున కూర్చున్నాడు.

"కాదనమని చెప్పిన గదనే."

"రెండుసార్లన్న. జంగన్న పోయినప్పుడు ఒకసారన్న, గది గూడ లెక్కవెట్టు. నువ్వు ఫోన్ల చెప్పినవ్, నేను గట్టు మీద నిలవడి కాదన్న. శవాన్ని మోసుకొచ్చినోళ్లు నా ముఖం జూసిన్రు, నీ ముఖం జూడలే. తెల్లారి నేను నీళ్లకు పోతే బోరింగుకాడ సోంబాయే నా బిందె ఎత్తింది. ఒక్కమాట అనలే. తిడితే బాగుండు. నీ మాటలు మోసి మోసి నా మెడలు పడిపోయినయ్. మూడోసారి నా మాట చెప్పిన."

"అట్ల చెప్పద్దు. కట్టుబాటు గాదది."

"నాకెరుకే. అందుకే మళ్ల కూసోవెడ్తరేమో కూసోవెట్టుమను. నువ్వొచ్చి కాదను. నేను పక్కకే కూసోని సరే అంట. ఒక్క ఇంట్ల రెండు మాటలుండద్దని ఎవలన్న చెప్పిన్రా?"

 నర్సయ్య కళ్లు ఫోన్‌లో ఇటూ అటూ తిరిగాయి. అప్పుడు కనపడింది. వాణి వెనక గోడ. తన ఇంటి గోడ నీలం రంగు. పోయిన సెలవులో డబ్బాలు మోసుకొచ్చి తనే రెండు పూతలు వేశాడు. ఈ గోడ తడకల మీద మట్టి మెత్తినది. దానికి ఒక పాత జల్లెడ వేలాడుతోంది.

"ఏడున్నవ్ నువ్వు?"

వాణి జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఒక ఆడగొంతు గోండు మాటలో ఏదో అడిగింది. వాణి అటు తిరిగి గోండులోనే బదులిచ్చింది. తడుముకోకుండా, పుట్టింటి మాట మాట్లాడినంత సులువుగా. తన పెళ్లానికి ఆ భాష అంత బాగా వచ్చని నర్సయ్యకు ఇన్నేళ్లలో తెలియదు. ఆ గొంతు ఎవరిదో మాత్రం తెలుసు.

"సోంబాయి ఇంట్ల ఉన్నవా?"

"ఆమె ఒక్కతి, నేనొక్కతి. రెండు పొయ్యిలెందుకని ఒకటే వెట్టుకున్నం."

"మరి ఇల్లు?"

"తాళమేసిన. తాళంచెవి పాస్టరన్నకిచ్చి పంపిన, నీకియ్యమని. ఇయ్యలేదా ఇంక?" వాణి గొంతు పెరగలేదు, తగ్గలేదు. బియ్యం ఎన్ని పోయాలో చెప్పినట్టే చెప్పింది. "ఇగ నీ మాట నువ్వే వచ్చి చెప్పుకో. నేను డ్యూటీ దిగిన."

ఫోన్ నల్లబడింది. అందులో నర్సయ్యకు తన ముఖమే కనపడింది.

యాకోబు చొక్కా జేబులో చేయి పెట్టాడు. ఎర్రదారం కట్టిన తాళంచెవి తీసి, మోకాళ్ల మీద నర్సయ్య దాకా జరిగి వచ్చి, విస్తరి పక్కన పెట్టాడు. "ముందే ఇద్దామనుకున్న. తిన్నంక ఇయ్యమన్నది" అన్నాడు.

ఎవరూ లేవలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. వరస ఇంకా నర్సయ్య దగ్గరే ఆగి ఉంది. గుట్టకు అతని మాట కావాలి, అది చెప్పడానికి ఇప్పుడు అతని తరఫున ప్రపంచంలో ఎవరూ లేరు. భూమేశ్ వంక చూశాడు. భూమేశ్ తల దించుకున్నాడు.

నర్సయ్య తాళంచెవి మీద చేయి వేసి, పిడికిలి బిగించి, నోరు తెరిచాడు. సరే అంటాడో కాదంటాడో అక్కడున్నవాళ్లలో ఒక్కరు కూడా పందెం కట్టగలిగేవారు కాదు. అతనికీ తెలియదు. ఆ క్షణాన అతని నోట్లో మెదులుతున్నది ఒకటే, ఇన్నేళ్ల ఎండకు బదులుగా తనకు మిగిలి, ఇప్పుడు మిగులుతుందో లేదో తెలియని నల్లరేగడి పొలం: మూడెకరాల పద్దెనిమిది గుంటలు.